కొత్త కారులో లోపం: రిపేరా, కారు మార్పిడా, డబ్బు వాపసా?

మా కారు ఇంటికొచ్చిన పదకొండో రోజు నుంచి రెండో గేరులో టక్కుమని శబ్దం. రెండు నెలల్లో నాలుగుసార్లు సర్వీస్ సెంటర్‌కు తిప్పాను. నాలుగోసారి ఇంటికొచ్చి జాబ్ కార్డులన్నీ (మనం చెప్పిన సమస్య, వాళ్లు చేసిన పని రాసిచ్చే సర్వీస్ సెంటర్ కాగితాలు) మంచం మీద పరిచి చూస్తే కడుపు మండింది. నేను చెప్పింది గేరు శబ్దం గురించి. వాళ్లు రాసింది 'జనరల్ చెకప్'. కింద 'పని సంతృప్తికరం' అన్నచోట నా సంతకం!

ఏసీ, సెన్సార్, బ్యాటరీ లాంటివైతే వారంటీలో రిపేరే మేలు. పార్ట్ మారుస్తారు, పని అయిపోతుంది. కానీ ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకుల్లో అదే సమస్య మూడోసారి వచ్చిందంటే ఇక రిపేరు చుట్టూ తిరగకూడదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లే. 'ఇంకోసారి చూద్దాం సార్' అనే మాటలతోనే అది గడిచిపోతుంది.

కొత్త కారు ఇమ్మని అడగాలని అందరికీ ఉంటుంది, నాకూ అదే అనిపించింది. గెలవడం కష్టమైనదీ అదే. వారంటీ అంటే పాడైన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో తప్ప కారు మొత్తం మార్చడం కాదని సుప్రీంకోర్టు 2006లో ఒక మారుతి కారు కేసులో చెప్పింది. కాబట్టి అది తయారీలోనే వచ్చిన లోపమని నిపుణుడి నివేదికతో తేల్చాలి. పైగా అదే మోడల్ మళ్లీ తీసుకుని నిశ్చింతగా నడపగలమా?

అందుకే పెద్ద లోపమైతే నా ఓటు డబ్బు వాపసుకే. వాడిన మేరకు కొంత కోత పడొచ్చు, అయినా ఆ టెన్షన్ వదులుతుంది. హైదరాబాద్‌లో ఒక సంస్థ 2009లో కొన్న బీఎండబ్ల్యూ కారు సంగతి చూడండి. అది పోలీసుల దగ్గర చీటింగ్ కేసుగా మొదలైంది. కొత్త కారు ఇవ్వమని 2012లో హైకోర్టు చెప్పింది. చివరికి 2024లో సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం ఇప్పించింది. పదిహేనేళ్లు! మామూలు కుటుంబం అంతకాలం ఆగగలదా? అందుకే కోపం ఎంతున్నా పోలీస్ స్టేషన్ కంటే వినియోగదారుల కమిషనే నయం.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కారుకు కట్టిన ధర 50 లక్షల లోపైతే అక్కడే వింటారు. ధర 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే ఫీజు 200 రూపాయలు, 20 లక్షల వరకూ 400. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊరి పరిధిలోనే కేసు వేయొచ్చు. కారు హైదరాబాద్‌లో కొన్నా, మీరు విజయవాడలో ఉంటే అక్కడే వేసుకోవచ్చు. ఫిర్యాదులో డీలర్‌నూ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. డబ్బు వాపసు ఇప్పించమనండి, లేదంటే కారు మార్పించమనండి, అదీ కాకుంటే రిపేరుతో పాటు పరిహారం ఇప్పించమనండి. ఈ మూడూ ఒకే ఫిర్యాదులో అడగొచ్చు.

ఇవన్నీ కనుక్కున్నాక ఐదోసారి వెళ్లాను. జాబ్ కార్డులో 'రెండో గేరులో శబ్దం, ఐదోసారి' అని రాసేదాకా తాళం ఇవ్వలేదు. కారు తీసుకునేటప్పుడు సంతకం పక్కన 'శబ్దం అలాగే ఉంది' అని రాసి, ఫోటో తీసి, కంపెనీకి మెయిల్ పెట్టాను. వారంలో కంపెనీ ఇంజనీరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వీధి మలుపు దగ్గర రెండో గేరు వేశాను. ఆయనకూ వినిపించింది. గేర్‌బాక్స్ మొత్తం మార్చారు.