‘మీరు’గా మొదలై ‘నువ్వు’గా మారిన పుస్తకం

ఎన్.కె. జెమిసిన్ ‘బ్రోకెన్ ఎర్త్’ మూడు భాగాలూ నాలుగేళ్లుగా నా దగ్గరున్నాయి. 2016 నుంచి వరసగా మూడేళ్లు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు తెచ్చుకున్న ఇంగ్లిష్ ఫాంటసీ నవలలివి. కథ ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి మళ్లీ చెప్పను. నేను రాయాలనుకున్నది అందులోని ఒక్క మాట గురించే. ‘యూ’.

మొదటి భాగం ‘ది ఫిఫ్త్ సీజన్’లో ఎస్సున్ అనే తల్లి కథంతా ‘యూ’ అంటూనే సాగుతుంది. ఇంగ్లిష్‌లో ఆ మాట ఒక్కటే, మనకేమో రెండున్నాయి. 2021లో మొదటిసారి చదివినప్పుడు అది నా మనసులో ‘మీరు’గా వినబడింది. మీ కొడుకు చనిపోయాడు, మీ భర్తే చంపాడు. కౌంటర్ అవతల ఎవరో ఫారం నింపిస్తున్నట్టుగా అనిపించింది. అరవయ్యో పేజీ దగ్గర ఆపేసి కింది గది షెల్ఫులో పెట్టేశాను.

2023 జూలైలో హనుమకొండను వాన రోజుల తరబడి వదల్లేదు. 27 తెల్లవారుజామున లేచేసరికి మా కింది గదుల్లో మోకాళ్ల లోతు నీళ్లు. అదే రోజు భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరికి ఊరే మునిగిందని తర్వాత తెలిసింది. బియ్యం డబ్బా, గ్యాస్ సిలిండర్, బాబు స్కూలు పుస్తకాలు పైకి చేర్చాం. ఆ పుస్తకాల కట్టలో ఇదీ వచ్చింది, కింది అంచు తడిసి, అట్ట మీద బురద చారతో. కరెంటు లేదు, ఫోన్‌లో చార్జింగ్ దాచుకోవాలి. మెట్ల మీద వెలుతురున్న చోట కూర్చుని మళ్లీ తెరిచాను.

నవలలోని లోకంలో ప్రతి ఇంట్లో ఒక సంచి సర్ది ఉంటుంది, భూమి కంపిస్తే పట్టుకుని పరుగెత్తడానికి. ఎస్సున్ ఆ సంచితో ఇల్లు వదిలే చోటికి వచ్చాను. నా పక్కన ప్లాస్టిక్ కవర్లో మా ఆధార్ కార్డులు, ఇంటి కాగితాలు, అత్తమ్మ బీపీ గోలీలు. ఒక్కసారిగా ఆ ‘యూ’ నాకు ‘నువ్వు’ అయింది. నువ్వు సంచి తీసుకున్నావు. నువ్వింక ఇక్కడ ఉండలేవు. మా అమ్మ దగ్గర కూర్చుని చెబుతున్నట్టే ఉంది. గొంతు పట్టేసింది.

అత్తమ్మ కిటికీలోంచి చూస్తూ అన్నది: “ఇదంతా శిఖం భూమే గద బిడ్డా. నేను చిన్నగున్నప్పుడు ఈడ తుంగ ఉండె.” శిఖం అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి. మా లేఅవుట్ కాగితంలో చెరువు ఊసే లేదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల లెక్కలో, పైచెరువు నిండి మత్తడి దుంకితే నీళ్లు కిందిచెరువుకే పోవాలి. ఆ దారిలో మా వంటిల్లు ఉంది. నవలలో తరతరాలు బతకడానికి రాళ్ల మీద చెక్కిన సూత్రాలుంటాయి. వాటినీ అధికారంలో ఉన్నవాళ్లు తమకు అనువుగా మారుస్తూ వచ్చారని అలబాస్టర్ అనే పాత్ర చెప్పే చోట పుస్తకం మూసి చాలాసేపు నీళ్లనే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను, అవినీతి గురించి ఇంత బాగా రాసిన ఫాంటసీ లేదని. ఈ ఎండాకాలం మళ్లీ చదివాక అంత గట్టిగా అనలేను. నవలలోని రాజధాని యుమెనెస్‌లో పెత్తనం చేసేవాళ్లు ఎక్కువగా తెర వెనకే ఉంటారు. మన దగ్గర చెరువు ఒక్క రోజులో మాయం కాదు. ఇవాళ రెండు ట్రిప్పుల మట్టి, రేపు ఒక సంతకం, ఎల్లుండి ఇంటి నంబరు. ఆ సంతకం పెట్టే మనిషిని దగ్గరగా చూడాలనిపించింది, ఇందులో దొరకలేదు. మూడో భాగంలో సిల్ అనాగిస్ట్ అనే పాతకాలపు నాగరికత అధ్యాయాల దగ్గర రెండుసార్లు ఆగిపోయాను కూడా. దాటేద్దామంటే భూమి మనుషుల మీద ఎందుకు పగబట్టిందో అక్కడే తెలుస్తుంది. ‘యూ’ మాత్రం మూడో చదువులోనూ ‘నువ్వు’గానే ఉండిపోయింది.

మా ఇంట్లోకి నీళ్లు రాకపోయుంటే అరవయ్యో పేజీ దాటేదాన్నా అంటే చెప్పలేను. నా ఇంగ్లిష్ చదువు నిదానం, నాకు నెలన్నర పట్టింది. తోటి టీచర్ ఒకావిడ, మూడేళ్ల పాప తల్లి, మొదటి అధ్యాయానికే తిరిగిచ్చేసింది. ఆమెను తప్పు పట్టను. కొనాలనుకుంటే ముందు మొదటి భాగం ఒక్కటే కొనండి. మిగతా రెండూ నా దగ్గర తీసుకెళ్లొచ్చు. బురద చార ఉన్నది మాత్రం ఇవ్వను.