వేసవి రాత్రులకు ఏది మేలు: పాత కెమెరాకు పెల్టియరా, కూల్డ్ కెమెరానా?

పాత కానన్ 1000డీ డీఎస్‌ఎల్‌ఆర్‌కు పెల్టియర్ (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కే పలక) కట్టాలా, ఇంకొన్నాళ్లు ఆగి సెన్సర్‌ను తనే చల్లబరుచుకునే ఖగోళ కెమెరా ఏఎస్‌ఐ533 ఎంసీ ప్రోనే కొనాలా? వరంగల్ వైపు నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాల) ఫొటోలు తీసేవాళ్లకు ఎండాకాలం రాగానే వచ్చే ప్రశ్న ఇది. నెబ్యులాలు ఎక్కువగా కనిపించే ధనుస్సు రాశి అర్ధరాత్రికి పైకొచ్చే జూన్, జులైల్లో మనకు వానలు. మిగిలేవి ఏప్రిల్, మే తెల్లవారుజాములే, అవేమో ఉడుకు రాత్రులు.

సెన్సర్ సుమారు 6 డిగ్రీలు వేడెక్కినప్పుడల్లా డార్క్ కరెంట్ (వెలుతురు లేకున్నా వేడికి సెన్సర్‌లో పుట్టే కరెంటు, ఫొటోలో చుక్కల్లా నాయిస్ తెస్తుంది) రెట్టింపవుతుంది. 30 డిగ్రీలు దించితే 32వ వంతుకు పడిపోతుంది. ఆ తేడా లక్నవరం దాటాక చీకట్లో తెలిసినంతగా హన్మకొండ డాబా మీద తెలియదు. అక్కడ వీధిదీపాల వెలుగు తెచ్చే నాయిసే ఎక్కువ.

పెల్టియర్ పని చూడటానికి తేలికే. సెన్సర్‌కూ వెనక బోర్డుకూ మధ్య 1 మి.మీ. రాగిరేకు దూర్చి, బోర్డు వైపు కరెంటు పారనివ్వని కాప్టాన్ టేపు అంటించి, రేకు చివరను పక్కనుంచి బయటికి తీసి, దానికి టీఈసీ1-12706 పెల్టియర్ పలక, సీపీయూ హీట్‌సింక్, ఫ్యాన్ బిగిస్తారు. చాలామంది నేరుగా 12 వోల్టులు ఇచ్చేస్తారు. చిన్న హీట్‌సింక్ ఆ వేడిని వదల్లేదు, వేడి వైపు కాగి చల్లని వైపునూ లాక్కుపోతుంది. 6 వోల్టులతో మొదలుపెట్టి చూడండి. సెన్సర్ స్క్రూలు ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోకపోతే ఫోకస్ ఒక మూల పోతుంది.

ఇవన్నీ ఓపికుంటే కుదిరేవే. ఓడించేది తేమ. ఏప్రిల్ రాత్రి 28 డిగ్రీలు, తేమ 40 శాతం అనుకోండి. డిసెంబరులో 18 డిగ్రీలు, 75 శాతం. లెక్కేస్తే డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) రెండింటికీ 13 దగ్గరే. పొడికాలం కదా అని ధీమా పడటానికి లేదు. సెన్సర్ అంతకన్నా చల్లబడితే దాని అద్దానికి చెమట పడుతుంది, ఫొటోలో నక్షత్రాల చుట్టూ గుడి కడుతుంది. తర్వాత ఆ నీరు బోర్డు మీదికి దిగుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఒళ్లంతా సందులే: బటన్లు, కార్డు తలుపు, షట్టర్. సిలికా జెల్ పొట్లం ఎన్నిటికని కాస్తుంది?

533 ప్రోలో సెన్సర్ గది మూసి ఉంటుంది, లోపల తేమ పీల్చే బిళ్లలు, ముందు అద్దానికి హీటర్. బయటి గాలికంటే 35 డిగ్రీల దాకా దించుతుంది కాబట్టి 30 డిగ్రీల రాత్రి కూడా 0 దగ్గర నిలపొచ్చు. ఒకసారి 0 దగ్గర తీసిన డార్క్‌లు (నాయిస్ తీసేయడానికి మూత పెట్టి తీసే ఫ్రేములు) సీజనంతా పనికొస్తాయి. సెన్సర్ 11.3 మి.మీ. చదరమే, ఏపీఎస్-సీకి (1000డీలో ఉండే సెన్సర్ సైజు) సగంకన్నా తక్కువ. ల్యాప్‌టాప్, 12 వోల్టుల బ్యాటరీ మోయాలి. అయినా నా ఓటు దీనికే.

డబ్బు కుదరకపోతే కెమెరాను విప్పకుండా డిథరింగ్‌తో (ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కెమెరా గురిని కాస్త జరుపుతూ) ఎక్కువ ఫ్రేములు తీయడమే నయం. ఐస్ పెట్టెలో కెమెరా పెట్టడం దండగ.

పెల్టియరే కడతానంటే, 1000డీ విప్పగానే ఫ్లాష్ కెపాసిటర్ సంగతి చూడండి. బ్యాటరీ తీసేసినా అందులో 300 వోల్టుల దాకా ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మల్టీమీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.