స్లామ్ డంక్: క్రీడా మాంగా బలమూ, దాని హద్దూ

జపాన్ రచయిత ఇనోవే తకెహికో గీసిన బాస్కెట్‌బాల్ మాంగా (బొమ్మల కథ) ‘స్లామ్ డంక్’ 1990 నుంచి 1996 వరకు ‘షోనెన్ జంప్’ వారపత్రికలో ధారావాహికగా వచ్చి 31 సంపుటాలైంది. విజ్ మీడియా ప్రచురించిన ఇంగ్లీషు అనువాదంలో దీన్ని ఆసాంతం చదివితే, క్రీడా మాంగా ఎంత దూరం వెళ్లగలదో, ఎక్కడ దాని శక్తి చాలదో ఒక్క కథలోనే తెలుస్తుంది. ముగింపు చెప్పకుండా ఆ సంగతి వివరించలేను కనుక, కథ తెలియకూడదనుకునేవారు ఇక్కడే ఆగడం మంచిది.

మిడిల్ స్కూల్లో 50 మంది అమ్మాయిల చేత కాదనిపించుకున్న సకురాగి హనమిచి, షోహోకు హైస్కూల్లో హరుకో అనే అమ్మాయి మెప్పు కోసం బాస్కెట్‌బాల్ జట్టులో చేరతాడు. అతనికి ఆట గురించి ఓనమాలు కూడా తెలియవు. రచయితకు అదే పెట్టుబడి. డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ కదలడం), లేఅప్ (బుట్ట దగ్గరికి దూసుకెళ్లి బంతి వేయడం), రీబౌండ్ (గురి తప్పిన బంతిని అందుకోవడం) అతనికి ఒక్కొక్కటిగా పట్టుబడుతున్నకొద్దీ మనకూ పట్టుబడతాయి. మహత్తర శక్తులు, మాయ దెబ్బలు ఇందులో లేవు. జాతీయ పోటీలకు ముందు అతను 20,000 షాట్లు సాధన చేస్తాడు. తర్వాత బంతి బుట్టలో పడిన ప్రతిసారీ ఆ చెమట విలువ మనకు తెలిసే ఉంటుంది. కైనాన్ జట్టుతో ఆటలో సొంత జట్టువాడనుకుని ప్రత్యర్థికి బంతి అందించి, ఓటమి తన వల్లనేనని తల గొరిగించుకున్న సకురాగిని, అంతవరకు అతని గొప్పలు విని నవ్వుకున్న పాఠకుడు అక్కడి నుంచి వదలలేడు.

తెలియని ఆటను నేర్పే ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. ముసాషినో హజిమె 2015లో మొదలుపెట్టిన కబడ్డీ మాంగాలో, ఫుట్‌బాల్ మానేసిన యొయిగోషి అనే కుర్రాడు కూతకు వెళ్లడం నేర్చుకుంటాడు. అక్కడి నియమాల వివరణ జపాన్ పాఠకులకు అవసరమే. బడి మైదానంలో చెడుగుడు ఆడి మోకాళ్లు దోక్కుపోయిన మనకు మాత్రం అది తెలిసిన పాఠమే, పేజీలు చకచకా తిప్పేస్తాం. బాస్కెట్‌బాల్ విషయంలో మనలో చాలామందిమి సకురాగి పక్కన కూర్చున్న విద్యార్థులమే కనుక, ‘స్లామ్ డంక్’ మన దగ్గర ఎక్కువగా పనిచేస్తుంది.

లోపాలు లేకపోలేదు. తొలి సంపుటాల్లో కొట్లాటలు శ్రుతి మించాయి. ఒకప్పుడు ఈ జట్టులోనే ఆడిన మిత్సుయి తన ముఠాతో వ్యాయామశాల మీద పడే ఘట్టం అతని పశ్చాత్తాపానికి అవసరమే అయినా, సగం పేజీల్లో ముగించవచ్చు. బొమ్మలోనే స్పష్టంగా కనిపిస్తున్న ఎత్తుగడను ప్రేక్షకుల నోట మళ్లీ చెప్పించడం ఈ ప్రక్రియకు పాత జబ్బు, ఇందులోనూ అది ఉంది. మిడిల్ స్కూల్లో తానూ ఆడిన హరుకోకు ఇక్కడ ప్రేక్షకుల వరుస తప్ప చోటు లేదు. అబ్బాయిల పత్రిక కోసం గీసినదే అయినా, 31 సంపుటాల్లో ఒక అమ్మాయి ఆట ఒక్కటైనా చూపించలేకపోవడం వెలితే.

ఈ లోపాలన్నింటినీ సన్నో జట్టుతో జరిగే చివరి పోరు మరిపిస్తుంది. 40 నిమిషాల ఆట ఆరు సంపుటాలకు పైగా సాగుతుంది. గాలిలో ఉన్న బంతిని ఆపి ఆటగాడి గతమంతా చెప్పగల వెసులుబాటు కాగితానికే ఉంది. అయితే కాగితానికి వేగమూ శబ్దమూ లేవు. చివరి క్షణాల్లో ఇనోవే దాదాపు మాటలన్నీ తీసేసి, ఉరుకులూ చూపులూ మాత్రం గీశాడు. లేని శబ్దం కోసం తాపత్రయపడకుండా ఆ లేమినే వాడుకున్నాడు. 2022లో ఆయనే దర్శకత్వం వహించిన సినిమాలో శబ్దానికి కొరత లేకపోయినా, అదే చోట దాన్ని ఆపేయవలసి వచ్చిందంటే ఆ పేజీల బలం అర్థమవుతుంది.

79-78తో సన్నోను గెలిచిన షోహోకు, ఆ తర్వాతి ఆటలోనే ఐవా జట్టు చేతిలో చిత్తుగా ఓడిందని రెండు ముక్కల్లో చెప్పి ఇనోవే కథ ముగిస్తాడు. కప్పు గెలిచేదాకా లాగే మాంగాలు నాకు చప్పగా తోచడానికి ఈ ముగింపే కారణం.

కొనేవారు ఒకేసారి 31 సంపుటాలు తీసుకోనక్కరలేదు. మొదట ఎనిమిది చాలు. మిత్సుయి జట్టులోకి తిరిగి వచ్చేది అక్కడే; ఆ ఘట్టం కూడా కదిలించకపోతే మిగిలినవి మీకు నచ్చకపోవచ్చు. జపాన్ పద్ధతిలో కుడి నుంచి ఎడమకు చదవడం మొదటి సంపుటంతోనే అలవాటైపోతుంది.