బొద్దింకలకు బోరిక్ పౌడర్: కొన్నేళ్ళు వాడాక

బొద్దింకల మందుల్లో నాకు మనసారా నచ్చింది బోరిక్ పౌడర్ ఒక్కటే. చంపుతుందని కాదు, చంపేవి బజారులో చాలా ఉన్నాయి. చల్లిన చోట చల్లినట్టే పడి ఉంటుంది, అదీ దాని గొప్ప. ఆవిరైపోదు, వాసన రాదు, పొడిగా ఉన్నంతకాలం బలం తగ్గదు. ఫ్రిజ్ వెనక ఒకసారి పూసి మరిచిపోయినా, ఎప్పుడో గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల బొద్దింక దాని మీదుగా నడిచి చస్తుంది. స్ప్రే కొట్టిన రాత్రి తలుపులు బార్లా తీసుకుని దగ్గుతూ కూర్చోవడం, పొద్దున్నే గిన్నెలన్నీ మళ్ళీ తోముకోవడం తప్పాయి.

మాది చెన్నై వేలచ్చేరిలో కింది అంతస్తు ఫ్లాటు. ఈ పౌడర్‌ని పంచదారతో కలిపి ఎర ఉండలు చేసే పద్ధతి అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క మాటే చెప్తాను: నేను పంచదార బదులు ఉల్లిపాయ ముద్ద కలుపుతాను. తీపి ఎరలు పెట్టీ పెట్టీ అమెరికాలో గ్లూకోజు చేదుగా తోచే బొద్దింకలు తయారయ్యాయని, వాటి నాలుక గుట్టు 2013లో అక్కడి పరిశోధకులు బయటపెట్టారు. మా వేలచ్చేరివి అంత దూరం వచ్చాయని అనుకోను గానీ, ఉల్లిపాయ దగ్గర మాత్రం ఆగలేకపోతున్నాయి.

ఉండల కన్నా పొడి పొడిగా చల్లిందే మా ఇంట్లో బాగా పనిచేసింది. చల్లడం అంటే పక్కింటి మామి చల్లినట్టు కాదు. ఆవిడ సింకు కింద ముగ్గు పోసినట్టు తెల్లగా పోసి, "ఇదంతా వేస్టు మా, చుట్టూ తిరిగి పోతున్నాయి" అని నన్ను పిలిచి చూపించారు. నిజంగానే కుప్ప అంచు దాకా వచ్చి పక్కకి తప్పుకుంటున్నాయి. "మామీ, కంటికి కనపడీ కనపడనట్టు ఉండాలి" అని పాత మేకప్ బ్రష్షుతో అలమర మడతబందుల దగ్గర, వాటర్ ప్యూరిఫయర్ వెనక, గ్యాస్ సిలిండర్ మూల పలచగా పూసి వచ్చాను. కాళ్ళకీ మీసాలకీ అంటుకున్న పొడిని అవి నోటితో శుభ్రం చేసుకుంటూ మింగుతాయి, పొట్టలోకి వెళ్ళాకే పని మొదలు. అందుకే మర్నాటికి ఏమీ కనిపించదు, వారం ఓపిక పట్టాలి. తర్వాత మామి ఫోన్ చేసి మా ఇంటి బ్రష్షు అడిగారు.

ఇంత పొగిడాక 2023 డిసెంబరు సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. మిచౌంగ్ తుపాను వానకి మా వీధంతా చెరువైంది, కరెంటు పోయింది. ఇంట్లోకి అడుగు లోతు రాలేదు గానీ బాత్రూమ్ జాలీల్లోంచి నీళ్ళు ఎగదన్నాయి. వాటితో పాటే డ్రైనేజీలో ఉండే గోధుమరంగు పెద్ద బొద్దింకలు. కొవ్వొత్తి వెలుగులో గోడంతా కదులుతున్నట్టుంది. సింకు కింద మూతల్లో పెట్టిన ఉండలు నాని గంజి అయ్యాయి, పూసిన పొడి కొట్టుకుపోయింది. ఉన్నా లాభం ఉండేది కాదేమో, బయటినుంచి అంత దండు వస్తుంటే వారానికి చంపే మందు ఏం చేస్తుంది? చీపురుతో కొట్టడమే మిగిలింది. మావారు ఒక చేత్తో టార్చి పట్టుకుని రెండో చేత్తో చెప్పు విసిరిన ఆ రాత్రి మా ఇంట్లో ఇప్పటికీ కథే.

నీళ్ళు తీశాక వచ్చిన ప్లంబరు మందులు మార్చమనలేదు, జాలీలు మార్చమన్నాడు. లోపల బోర్లించిన గిన్నెలా ఉండి అడుగున నీళ్ళు నిలిచే రకం. ఆ నీళ్ళే అడ్డు, వాసనా రాదు, పురుగూ రాదు. ఇన్నేళ్ళు బోరిక్ పౌడర్‌కి ఇచ్చిన పేరులో సగం ఈ జాలీకి చెందాలని అప్పటినుంచీ అనిపిస్తోంది. పెద్దవి దాదాపు కనపడటం మానేశాయి. కాకపోతే ఊరికి వెళ్ళి ఇల్లు మూసి ఉంచితే ఆ నీళ్ళు ఇంకిపోతాయి, దారి తెరుచుకుంటుంది. నెల్లూరు వెళ్ళేముందు ప్రతి జాలీలోనూ చెంబెడు నీళ్ళు పోసి పైన చెంచాడు వంటనూనె వేస్తాను, నూనె పొర కింద నీళ్ళు త్వరగా ఆరవు.

పొడిగా ఉన్నంతకాలం అన్నాను కదా, అది ఎండాకాలపు మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో అప్పడాలే పొడిగా ఉండవు. పౌడరు గడ్డకడుతుంది, ఉండలకు బూజు పడుతుంది. ఆ మూడు నెలలూ తుడిచి మళ్ళీ పూస్తూ ఉండాల్సిందే. ఇంకోటి, దీన్ని "కెమికల్ లేని మందు" అని అమ్మేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఇదీ రసాయనమే. ఒకప్పుడు పసిపిల్లల పౌడర్లలోనూ కలిపేవారు, ప్రమాదమని తర్వాత మానేశారు. కడుపులోకి పోతే విషం, అందులోనూ ఉండ చూడటానికి మిఠాయిలా ఉంటుంది.

మా ఇంట్లో ఇద్దరం పెద్దవాళ్ళమే, కుక్కా పిల్లీ లేవు, కాబట్టి మాకు సరిపోతోంది. పాకే పిల్లలున్న ఇంటికి మాత్రం నేను చెప్పను. అక్క కూతురు పాపతో వచ్చినప్పుడు ఉండలున్న మూతలన్నీ తీసేసి, పొడి తడిగుడ్డతో తుడిచేసి, ఫ్రిజ్ వెనక జిగురు అట్టలు పెట్టుకున్నాం. అవి పట్టేది తక్కువ, చూడటానికి రోత, అయినా పాప వెళ్ళేదాకా వాటితోనే నెట్టుకొచ్చాం.