బ్రెస్ట్ ఇంప్లాంట్లతో పదకొండేళ్లు: ఆ చిన్న కార్డు పారేయకండి

2014 జనవరిలో హైదరాబాద్‌లోనే సర్జరీ చేయించుకున్నాను. రెండో పాప పాలు మానేశాక రొమ్ములు బాగా చిక్కిపోయాయి, అందుకు. రెండు వైపులా 275 సీసీ సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు, కోత రొమ్ము కింది మడతలో. ఆకారం విషయంలో అప్పుడూ ఇప్పుడూ నాకు ఏ అసంతృప్తీ లేదు. నేను రాయాలనుకున్నది ఆ తర్వాతి సంగతి.

మొదట్లో కుడి చనుమొన మొద్దుబారింది. తాకినా తెలిసేది కాదు. ఏడాదిన్నరకి చాలావరకు స్పర్శ తిరిగొచ్చింది, బయటి వైపు వేలి వెడల్పు మేర మాత్రం ఇప్పటికీ రాలేదు. ఎండాకాలంలో కింది మడత చెమటకి ఒరుసుకుని ఎర్రబడేది. స్నానం చేశాక అక్కడ తడి లేకుండా తుడుచుకుని కాటన్ బ్రా వేసుకుంటే తగ్గింది.

అసలు టెన్షన్ 2019 జులైలో మొదలైంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ కోరడంతో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకం ఇంప్లాంట్లను, అంటే గరుకు పైపొర ఉన్నవాటిని, ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. వాటి చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా, అంటే రోగనిరోధక కణాల్లో వచ్చే క్యాన్సర్, వస్తోందని కారణం. నా ఒంట్లో ఉన్నవి ఏ కంపెనీవో నాకే గుర్తు లేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే పాత ఫైళ్లు లేవన్నారు. రాత్రి పన్నెండింటి దాకా బీరువా అంతా వెతికితే, పాప టీకాల ఫైల్లో దొరికింది, సర్జరీ అప్పుడు ఇచ్చిన ఇంప్లాంట్ వివరాల కార్డు. రెండు స్టిక్కర్లు, సీరియల్ నంబర్లు, పక్కన ‘స్మూత్’ అని, అంటే గరుకు రకం కాదు. ఆ ఒక్క మాట చదివాక ఊపిరాడింది.

2021లో లోపాన్ని ముందు కనిపెట్టింది కూకట్‌పల్లిలో నా జాకెట్లు కుట్టే అమ్మాయి. "అక్కా, కొలతలు పాతవే కదా, ఎడమ వైపు డాట్ ఎందుకు కిందికి పోతోంది?" అంది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే డాట్ కిందికి పోలేదు, ఎడమ రొమ్మే అర అంగుళం పైకి జరిగింది. నొక్కితే కుడిది మెత్తగా ఉంది, ఎడమది గాలి నింపిన బంతిలా గట్టిగా ఉంది.

దాన్ని క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఒక మచ్చ పొర కట్టుకుంటుంది, అది అందరికీ ఉండేదే. కొందరికి ఆ పొర బిగుసుకుపోతుంది. నాది మూడో గ్రేడ్ అన్నారు, నొప్పి కూడా మొదలైతే నాలుగు.

కొత్త డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఇన్నేళ్లలో ఒక్క స్కానూ చేయించలేదామ్మా?" సిలికాన్ ఇంప్లాంట్ లోపల చిరిగినా పైకి ఏమీ తెలియకపోవచ్చట. ఏ ఇబ్బందీ లేకపోయినా 5-6 ఏళ్లకి మొదటి ఎంఆర్ఐ లేదా అల్ట్రాసౌండ్, తర్వాత 2-3 ఏళ్లకోసారి చేయించాలన్నది ఎఫ్‌డీఏ సూచన. నాకు అప్పటికే ఏడేళ్లు దాటాయి. నా డిశ్చార్జ్ కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఎంఆర్ఐలో చిరుగు లేదని తేలింది. నలభై దాటాను కాబట్టి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా రాశారు. పలకల మధ్య నొక్కితే ఇంప్లాంట్ పగిలిపోతుందేమోనని చేతులు వణికాయి. ఇంప్లాంట్లు ఉన్నాయని ముందే చెప్పాను. టెక్నీషియన్ అమ్మ నిదానంగా ఇంప్లాంట్‌ను ఛాతీ వైపు వెనక్కి నెట్టి, నా సొంత రొమ్ము భాగాన్ని ముందుకు లాగి పలకల మధ్య పెట్టింది. "ఊపిరి బిగబట్టు తల్లీ, అయిపోయింది" అంటూనే ఒక్కో వైపు రెండుకి బదులు నాలుగు ఫిల్ములు తీసింది. నొప్పి ఉంది, ఓర్చుకోగలిగినంతే. ఇంప్లాంట్ నీడలో గడ్డలు దాగిపోకుండా ఉండాలంటే ఇలాగే తీయాలట. అందుకే వెళ్లగానే సిగ్గుపడకుండా చెప్పేయండి.

2022లో ఎడమది మార్పించాను, బిగిసిన పొరను కూడా తీసేశారు. కాస్మెటిక్ అని బీమా పైసా ఇవ్వలేదు. ఇవి జీవితకాలం ఉండే వస్తువులు కావు. ఆ రెండో ఖర్చుని మొదటిరోజే లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు ప్రతి నెలా తడిమి చూసుకుంటాను. ఇంప్లాంట్ అంచు ఎక్కడ తగులుతుందో వేళ్లకి అలవాటైంది, ప్రతిదానికీ గడ్డేమోనని ఉలిక్కిపడడం లేదు. ఏళ్ల తర్వాత హఠాత్తుగా ఒక వైపు ఉబ్బితే మాత్రం ఆగకూడదు, ఆ లింఫోమా ఎక్కువగా బయటపడేది అలాగే. కార్డు ఫోటో నా ఫోన్‌లో ఒకటి, చెల్లి ఫోన్‌లో ఒకటి ఉన్నాయి.