లినక్స్ డ్రైవర్ డాక్యుమెంటేషన్: తప్పు ఎక్కడ దిద్దాలి?

లినక్స్ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్) వివరణలు రెండు చోట్ల ఉంటాయి: సీ కోడ్‌లో ఫంక్షన్ పైనుండే కెర్నల్-డాక్ కామెంట్ (నిర్ణీత పద్ధతిలో రాసే వివరణ), డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లోని ఆర్‌ఎస్‌టీ ఫైలు (కోడ్‌కు విడిగా ఉండే టెక్స్ట్ ఫైలు).

ఫంక్షన్ పారామీటర్ల (ఫంక్షన్‌కు ఇచ్చే విలువల) సంగతైతే నా ఓటు కామెంట్‌కే. పారామీటర్ పేరు మార్చి కామెంట్ మార్చకపోతే, డబ్ల్యూ=1తో (అదనపు హెచ్చరికలు చూపించే ఆప్షన్) బిల్డ్ చేసినప్పుడు హెచ్చరిక వస్తుంది. అయితే అది చూసేది పేర్లనే. మిల్లీసెకన్లకు బదులు మైక్రోసెకన్లని రాస్తే పట్టుకోదు. కోడ్ చదివే మనిషే పట్టుకోవాలి.

ఆర్‌ఎస్‌టీకి ఆ మాత్రం కాపలా కూడా లేదు. డ్రైవర్ నుంచి తీసేసిన మాడ్యూల్ పారామీటర్ (డ్రైవర్ లోడ్ చేసేటప్పుడు ఇచ్చే సెట్టింగ్) అందులో ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. అయినా ఉష్ణోగ్రత సెన్సర్ల డ్రైవర్లకు అదే సరైన చోటు. వాడేవాళ్లలో చాలామంది సీ కోడ్ తెరవరు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డ్రైవర్ విలువల్ని ఫైళ్లుగా చూపించే చోటు) కనిపించే 45000 అంటే 45 డిగ్రీల సెల్సియస్ అని వాళ్లకు ఆర్‌ఎస్‌టీలోనే తెలియాలి.