కారులో మంట ఆర్పడానికి కేజీ సిలిండరా, బానెట్ కింద ట్యూబా?

నల్లగొండ, పాలమూరు వైపు తిరిగే మామూలు కారుకు మా ఓటు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 (మంటలార్పే సిలిండర్ల ప్రమాణం) నంబరు ఉన్న 1 కేజీ ఏబీసీ పౌడర్ (గుడ్డ, పెట్రోలు, గ్యాస్ మంటలు మూడింటికీ పనికొచ్చేది) సిలిండర్‌కే. అర కేజీది చవకే గానీ గురి కుదిరేలోపే అయిపోతుంది. కేజీది కూడా 8–10 సెకన్లకు మించి రాదు.

కొనేముందు ప్రెషర్ గేజీ ముల్లు పచ్చలో ఉందా, సీలు బాగుందా, ఏ ఏడాది తయారీ, ఎన్ని డిగ్రీల వేడి వరకు తట్టుకుంటుందని రాశారో చూడండి. మే నెల ఎండలో అద్దాలు మూసిన కారు డాష్‌బోర్డు ఆ హద్దు దాటి కాలుతుంది. అందుకే దాని చోటు ముందు సీటు కింద, అదీ డ్రైవర్ పక్క సీటు కింద. ఇనుప పట్టీతో బోల్టు వేసి బిగించాలి. ప్లాస్టిక్ క్లిప్పు గుంతల్లో విరిగితే సిలిండర్ దొర్లుకుంటూ బ్రేక్ పెడల్ కిందికి చేరగలదు, మంట కంటే ముందు అదే ప్రాణం తీస్తుంది.

చాలామంది పట్టించుకోనిది పౌడర్ సంగతి. కుదుపులకు అది అడుగున గడ్డకడుతుంది. ముల్లు పచ్చలోనే ఉంటుంది, నొక్కితే మాత్రం ఉత్త గ్యాసే వస్తుంది. నెలకోసారి తలకిందులు చేసి ఊపండి. లోపల పౌడర్ జారుతున్నట్టు చేతికి తెలియాలి.

బానెట్ కింద పెట్టే ఆటోమేటిక్ ట్యూబు వేడికి కరిగి, కరిగిన చోటి నుంచే మంట ఆర్పే మందు చిమ్ముతుంది. కరెంటు అక్కర్లేదు. సీఎన్‌జీ బండ్లకు, రోజంతా తిరిగే టాక్సీలకు పెట్టిన డబ్బు దండగ కాదు. ఫిట్టింగ్ దగ్గరే తేడా వస్తుంది: ట్యూబు ఎగ్జాస్ట్‌కు, టర్బోకు తగిలితే మంట లేకుండానే పేలుతుంది. జాయింట్ల దగ్గర ప్రెషర్ లీకవుతుంది కాబట్టి గేజీ చూస్తుండాలి. పైగా డాష్‌బోర్డు వెనక వైరింగ్ అంటుకుంటే ఇది పనికిరాదు. అందుకే ఇది సిలిండర్‌కు తోడే, బదులు కాదు.

ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ అంటుకుంటే ఈ రెండూ ఆపలేవు. దూరం జరిగి 101కు ఫోన్ చేయాలి.

ఇంజన్‌లో పొగ కనిపిస్తే ముందు తాళం తిప్పి ఆపండి, లేకుంటే పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది. అందరూ దిగాక బానెట్ లాక్ మాత్రం వదలండి, పూర్తిగా లేపొద్దు. గాలి తగిలితే మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. సందులోంచి మంట మొదట్లోకి కొట్టండి. మంట అప్పటికే బానెట్ దాటితే దగ్గరికి పోవద్దు.

ఆరాక పౌడర్‌ను వ్యాక్యూమ్‌తో తీయించండి. తేమ తగిలితే అల్యూమినియాన్ని, కనెక్టర్లను తినేస్తుంది. సగమే వాడినా సిలిండర్‌ను రీఫిల్‌కు ఇవ్వాల్సిందే, వాల్వులో ఇరుక్కున్న పౌడర్ వల్ల మిగిలిన ప్రెషర్ మెల్లగా దిగిపోతుంది.